ఓవెన్లో రైలింజను

మురియెల్ టానర్ పదకొండు నిమిషాలుగా మాట్లాడలేదు.

వంటింటి గడియారం కింద కూర్చున్న ఆమె భర్త క్లిఫర్డ్ ఆ నిమిషాలు లెక్కపెడుతూనే ఉన్నాడు. మొదటి మూడు నిమిషాలూ భార్యకి ఆనందంతో నోట మాట రావడం లేదనుకున్నాడు. అయిదో నిమిషంలో అనుమానం మొదలైంది. పదకొండో నిమిషానికి అతనికే నోట మాట రాకుండా పోయింది.

ఇద్దరి మధ్యా బల్ల మీద, కేకులు చల్లార్చుకునే తీగ జల్లెడ మీద జానెడు పొడవు రైలింజను నిలబడి ఉంది. రంగు ఆరాలని క్లిఫర్డ్ పెట్టిన ఓవెన్లోంచి అప్పుడే తీయడంతో ఇంకా వెచ్చగా ఉంది. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. గీత లేదు, మచ్చ లేదు, చొట్ట లేదు. పక్కన పసుపు రంగులో నాలుగు అంకెలు అచ్చు గుద్దినట్టున్నాయి: 5741.

లోపల ఇంజన్ని చూసేసరికి మురియెల్ చేతిలో, ఆ ఓవెన్లోకే వెళ్లాల్సిన పందికొవ్వు కలిపి చేసిన లార్డీ కేకు ఉంది. కేకు జారవిడవలేదు. ఇంజన్ని తీసి బల్ల మీద పెట్టి, కేకుని లోపలికి తోసి, తలుపు మూసి, కూర్చుంది. అప్పట్నుంచీ ఇదే వరస.

“పంటి గాటేది?” అంది చివరికి.

క్లిఫర్డ్ మొహం వెలిగింది. మెచ్చుకోలు మొదలైందనుకున్నాడు పాపం.

“ఎక్కడుండేదో చెప్పుకో చూద్దాం! చెప్పలేవు. మూడుసార్లు లప్పం పెట్టాను. ఆరిన ప్రతిసారీ ఉప్పుకాగితంతో రుద్దాను. వేలు పెట్టి తడిమినా దొరకదు.”

“అది నా పన్ను, క్లిఫర్డ్. నాలుగేళ్లప్పుడు కొరికాను.”

“తెలుసులే. గట్టి పళ్లు నీవి. చెక్కలోకి బాగా దిగింది.”

మామూలు రోజుల్లో అతను ఆమెకి ‘క్లిఫ్’. పూర్తి పేరు బయటికొచ్చిందంటే ఇంట్లో ఏదో మునిగిందని అర్థం. నలభై ఒక్కేళ్ల కాపురంలో అది అతనికి ఒంటబట్టాల్సింది. కానీ నునుపు గురించి మాట్లాడేటప్పుడు క్లిఫర్డ్‌కి ఇంకేదీ తలకెక్కదు.

మా స్విండన్‌లో ఇలాంటి మగాళ్లకి కొదవ లేదు. రైళ్లు తయారుచేసిన ఊరు ఇది. పెద్ద కర్మాగారం మూతపడ్డాక అందరూ చిన్న ఇంజన్ల మీద పడ్డారు. ప్రతి మూడో ఇంట్లో మెట్ల కింద ఒక గది, ఆ గదిలో ఒక దీపం, ఆ దీపం కింద పాత బొమ్మ ఇంజను రంగు గీకుతూ ఒక మొగుడు.

“నా పాత టూత్‌బ్రష్ కనపడ్డం లేదు,” అంది మురియెల్.

“చక్రాల సందులు తోమడానికి...”

“కేకు రేకుతో ఏం చేశావు?”

“రంగు ఊడగొట్టే మందులో దీన్ని నానబెట్టడానికి... కడిగేశాను. రెండుసార్లు.”

మురియెల్ ఓవెన్ వైపు చూసింది. ఆ రేకులోనే ఇప్పుడు కేకు ఉంది. ఆ సంగతి తర్వాత చూసుకుందామన్నట్టు తల తిప్పేసుకుంది.

“నంబరేది?”

“ఆ! అసలు పనంతా అక్కడే ఉంది,” అని క్లిఫర్డ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “దీని మీద 2911 అని ఉండేది కదా. తప్పు మురియెల్, పూర్తిగా తప్పు. ఇది యార్డులో పెట్టెలు అటూ ఇటూ తోసే ఇంజను. 2911 అనేది లండన్ దాకా పరుగెత్తే పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజను నంబరు. ఎక్కడ ఇది, ఎక్కడ అది! మా బొమ్మ ఇంజన్ల క్లబ్బులో ఎవరైనా చూస్తే నవ్విపోతారు. అందుకని ఈ జాతికి సరిపోయే నంబరు వెతికి పెట్టాను.”

“2911 చూస్తే నీకేం గుర్తొచ్చింది?”

“ఎక్స్‌ప్రెస్ ఇంజను.”

“ఇంకేం గుర్తు రాలేదూ?”

క్లిఫర్డ్ నిజాయితీగా ఆలోచించాడు.

“రెండు సిలిండర్లు,” అన్నాడు.

మురియెల్ కళ్లు మూసుకుని తెరిచింది. “నా పుట్టినరోజు ఎప్పుడు?”

“నవంబరు ఇరవై తొమ్మిది.” టక్కున చెప్పాడు. ఆ విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు. ఏ ఏడూ మర్చిపోలేదు.

“అంకెల్లో చెప్పు.”

“ఇరవై తొమ్మిది... పదకొ...”

అతని పెదాలు అక్కడే ఆగిపోయాయి. గడియారం మాత్రం ఆగలేదు.

“నీ పుట్టినరోజుకి ముందస్తు కానుకగానే చేశాను, మురియెల్,” అన్నాడు పీలగా.

“నా పుట్టినరోజుకి కానుకగా నా పుట్టినరోజునే చెరిపేశావు.”

 

“నీ గదిలో ముప్పై ఏడు ఇంజన్లున్నాయి,” అంది మురియెల్. “ముప్పై ఏడూ ఎవరికీ అక్కర్లేనివే. వాటిని గీకు, వాటిని ఉడకబెట్టు, వాటిని కాల్చు, నేనెప్పుడైనా అడ్డం చెప్పానా? అటక మీద పెట్టెలో ఉన్నదాన్ని దించి మరీ నాశనం చేయాలా? అదీ ఇవాళా? మూడింటికి డోరీన్ వస్తోంది!”

డోరీన్ ఆమె చెల్లెలు, ఏడేళ్లు చిన్న. ఈ ఇంజను గురించి అక్కాచెల్లెళ్లిద్దరికీ ఇరవై ఏళ్లుగా పడటం లేదు. వాళ్ల నాన్న హెర్బర్ట్ పావెల్ కర్మాగారంలో పెయింటరు. ముప్పై ఏళ్లపాటు అసలు ఇంజన్ల మీద నంబర్లు రాసిన చెయ్యి అది. మధ్యాహ్నం తిండి వేళల్లో రేకుముక్కలూ చెక్కముక్కలూ పోగేసి ఈ బొమ్మ చేశాడు. పోయేటప్పుడు కుర్చీలతో సహా అన్నీ ఎవరికేవో చెప్పిపోయాడు గానీ, ఇంజను మాట ఎత్తలేదు. దాంతో అక్క దగ్గర ఒక ఏడు, చెల్లెలి దగ్గర ఒక ఏడు. నవంబరు రెండో ఆదివారం టీ తాగి, చేతులు మార్చుకోవడం.

ఈసారి డోరీన్ ముందే ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఇంకా వేలాడుతోంది. ‘అక్కా, ఈ ఏడు తీసుకెళ్తే మళ్లీ తిరిగివ్వను. నాన్న దాని మీద నా తేదీ రాసి నాకిచ్చాడు. నువ్వొచ్చేసరికి చెరిపేశాడు. నువ్వు ఒప్పుకోవు, నాకు తెలుసు. ఆ నంబరు తప్ప నీ దగ్గర వేరే రుజువుంటే చూపించు.’

“వేరే రుజువు!” అంది మురియెల్. “ఇప్పుడు ఆ నంబరు కూడా లేదు.”

“మళ్లీ రాసేస్తాను. 2911 ఎంతసేపు...”

“డోరీన్‌కి నాన్న రాత తెలీదూ? రెండుకి తోక ఎలా తిప్పేవాడో, తొమ్మిదికి పొట్ట ఎలా పెట్టేవాడో అదీ నేనూ కళ్లు మూసుకుని గీస్తాం. నీ అచ్చు అంకెలు చూపిస్తే మొహం మీదే నవ్వుతుంది.”

“పోనీ, రిపేరుకిచ్చామని చెప్తే?”

“ఎవరికిచ్చాం? ఊళ్లో ఇలాంటి పిచ్చి పనులు చేసేది నువ్వేనని దానికి తెలుసు.”

క్లిఫర్డ్ తల పట్టుకున్నాడు. ఓవెన్లోంచి కేకు వాసన మొదలైంది. దాని వెనకే సన్నగా టర్పెంటైన్ వాసన కూడా మొదలైంది.

ఉన్నట్టుండి అతను కుర్చీలోంచి లేచాడు.

“రుజువుంది! మురియెల్, రుజువుంది! నేనెంత వెధవనో!”

“అది కొత్త సంగతేం కాదు,” అంది మురియెల్. కానీ అతను అప్పటికే మెట్ల కింద గదిలోకి దూరిపోయాడు.

నల్ల అట్ట నోట్‌బుక్ పట్టుకుని బయటికొచ్చాడు. ఆ పుస్తకం క్లిఫర్డ్‌కి ప్రాణం. క్లబ్బులో ఒక కట్టుబాటుంది: రంగు గీకేముందు ఏ పూత మీద ఏముందో చూసి రాసుకోవాలి, ఫోటో తీసుకోవాలి. రాసుకోకుండా గీకినవాణ్ణి టీకి కూడా పిలవరు. ఆ పుస్తకంలో ముప్పై ఏళ్ల ఇంజన్లున్నాయి. ఒక్క అబద్ధం లేదు.

“చూడు. ‘పై పూత: ఆకుపచ్చ. అంకెలు 2911. పసుపు, చేతిరాత.’ ఇదిగో ఫోటో కూడా అంటించాను. మీ నాన్న తోకే, మీ నాన్న పొట్టే!”

మురియెల్ ఆ ఫోటో మీద వేలు పెట్టింది. ఆ రోజు మొదటిసారి ఆమె మొహంలో కాస్త రంగు వచ్చింది.

“బతికాం,” అంది. “ఇది దాని ముందు పెడతాను. ఇంకేం రాశావు?”

“ఓ, చాలా ఉంది.” క్లిఫర్డ్‌కి హుషారొచ్చింది. రాసింది చదవమని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేరు. “పై పూత మెత్తగా ఊడింది. దాని కింద ఇంకోటి. ‘రెండో పూత: ముదురు ఆకుపచ్చ. అంకెలు 1406. ఇది బ్రాంచి లైన్లో రెండు పెట్టెలు లాక్కెళ్లే చిన్న ఇంజను నంబరు. ఇదీ తప్పే. మూడో పూత, అన్నిటికంటే అడుగుది: మళ్లీ 2911. మళ్లీ అదే తప్పు. మామగారికి నంబర్ల విషయంలో బొత్తిగా శ్రద్ధ లేదు.’”

“మధ్యది మళ్లీ చదువు.”

“1406. బ్రాంచి లైన్లో...”

“డోరీన్ పుట్టినరోజు ఎప్పుడు, క్లిఫ్?”

“జూన్ పద్...”

క్లిఫర్డ్ మెల్లగా కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నంలో ఒక మనిషి ఒకే గుంటలో రెండుసార్లు పడటం మా ఊళ్లో కూడా అరుదే.

మురియెల్ నోట్‌బుక్ తన వైపు తిప్పుకుంది. రెండో ఫోటోలో ఆరుకి కూడా అదే పొట్ట. నాలుగు మీద చిన్న కొక్కెం. నాన్న చెయ్యే.

“అది నిజమే చెప్పింది,” అంది. “ఇన్నేళ్లూ నిజమే చెప్పింది.”

ఆమె ఫోటో అంచుని వేలితో నొక్కింది.

“నీకు తెలుసుగా, నేను బ్రిస్టల్ వెళ్లిపోయిన సంగతి.”

“అకార్డియన్ వాయించేవాడితో.”

“వాడి సంగతొదిలెయ్. పద్దెనిమిదేళ్లు నాకు. రెండేళ్లు ఇంటికి ఒక్క ఉత్తరం రాయలేదు. నాన్న నా పేరెత్తనివ్వలేదట. చివరికి తిరిగొచ్చాను, ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో ఏమీ లేదు. ఏ మొహం పెట్టుకుని తలుపు కొట్టాలా అని వీధిలో నిలబడ్డాను. నిలబడితే, కిటికీలో ఈ ఇంజను. వీధి వైపు తిప్పి పెట్టాడు. 2911. అది చూసి తలుపు కొట్టాను.”

ఆమె బల్ల మీది ఇంజన్ని జల్లెడతో సహా కిటికీ వైపు తిప్పింది.

“రెండేళ్లూ నాన్న నా నంబరు చూసుకుంటూ ఉన్నాడనుకున్నాను. కోపం ఉత్తిదే, లోపల నన్ను దాచుకున్నాడనుకున్నాను. జన్మంతా ఆ మాట పట్టుకుని బతికాను, క్లిఫ్. తీరా చూస్తే, నా మీద రంగు కొట్టేసి డోరీన్‌ని రాసుకున్నాడు.”

“తర్వాత మళ్లీ నిన్ను రాశాడుగా.”

“రాశాడు. డోరీన్ మీద రాశాడు. దానికి పదమూడేళ్లు. అది చెప్తూనే ఉంది, ‘నాది చెరిపేశాడు, నాది చెరిపేశాడు’ అని. కలగన్నావులే అన్నాను. దాని పెళ్లిలో అందరి ముందూ జోకుగా చెప్పాను.”

టిక్కు టిక్కుమంటూ గడియారం మూడుకి పది నిమిషాలు చూపించింది. మురియెల్ లేచి కేకు బయటికి తీసి, మూడు కప్పుల్లో టీ పోసి వచ్చి కూర్చుంది.

క్లిఫర్డ్ గొంతు సవరించుకున్నాడు. “ఇంకొకటి రాశాను. చదవనా?”

“ఇంకా ఉందా?”

“పై పూత గురించే. ‘కింద రంగు ఆరకముందే అంకెలు రాశారు. అంచులు కుంగాయి. రెండు తోక కొద్దిగా జారింది. ఇంత అనుభవమున్న పెయింటరు ఇలా ఎందుకు చేశాడో తెలీదు.’” అతను తలెత్తాడు. “మురియెల్, మీ నాన్న రోజుకి నాలుగు ఇంజన్ల మీద రాసేవాడు. ఆరని రంగు మీద చెయ్యి పెట్టనివాడు. నువ్వు వస్తున్నట్టు ఆయనకి ఎప్పుడు తెలిసింది?”



“ముందురోజు సాయంత్రం,” అంది. “పక్కింటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. పొద్దున మొదటి బండికి వస్తున్నానని.”

“అంటే ఒక్క రాత్రే ఉంది. ఈ ఎనామిల్ ఆరాలంటే రెండు రోజులు పడుతుంది,” అన్నాడు క్లిఫర్డ్. “ఓవెన్ ఉంటే తప్ప.”

మురియెల్ కళ్లు తుడుచుకుంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది ఆమెకి. ఇంత గడ్డి తిన్న మనిషి మీద, ఇంతటి మాట చెప్పాక, ఎంత కోపం మిగలాలో ఆమెకి అర్థం కాలేదు.

అప్పుడు ఆమె వేళ్లు 1406 ఉన్న పేజీ మూలని పట్టుకున్నాయి.

మొదటి పేజీ వేరు, రెండో పేజీ వేరు. మొదటిదాని మీద 2911 ఉంది, ఫోటోతో సహా. రెండోది లేకపోతే డోరీన్ దగ్గర ఏమీ లేదు. చించితే ఇంజను ఇక్కడే ఉంటుంది. నాన్న తనని రెండేళ్లు చెరిపేసిన సంగతి ఈ వంటింట్లోనే ఆగిపోతుంది.

క్లిఫర్డ్ చూశాడు. ముప్పై ఏళ్లలో ఆ పుస్తకంలోంచి ఒక్క కాగితం పోలేదు. ‘వద్దు’ అందామని నోరు తెరిచాడు. తప్పంతా తనదే కాబట్టి నోరు మూసుకుని, కళ్లు కూడా మూసుకున్నాడు.

కాగితం కొద్దిగా చిరిగిన చప్పుడైంది. అదే క్షణంలో తలుపు గంట మోగింది.

డోరీన్ మూడంటే మూడే.

చేతిలో అట్టపెట్టె, పెట్టెలో దూది. నెత్తిన టోపీ తీయకుండానే వంటింట్లోకి వచ్చేసింది.

“కేకు టర్పెంటైన్ వాసనొస్తోందేంటక్కా? బావ గానీ చేశాడా?” అని, బల్ల మీద చూసి ఆగిపోయింది. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగింది. నడుం వంచి అంకెలు చదివింది.

“ఎవరిదమ్మా ఈ పుట్టినరోజు? యాభై ఏడో తారీకు, నలభై ఒకటో నెల! మీ ఇంట్లో ఏడాదికెన్ని నెలలు?”

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోయేసరికి డోరీన్ మొహం మారింది.

“ఓహో. అదా సంగతి. నాకు దక్కకూడదని గీకించేశావా? నీకు లేకుండా, నాకు లేకుండా?”

“నేనే చేశాను డోరీన్, మీ అక్కకి తెలీదు...” అన్నాడు క్లిఫర్డ్.

“నువ్వూరుకో బావా, నీకంత తెలివెక్కడిది! ఇది దీని పనే. చిన్నప్పట్నుంచీ ఇంతే. తన ప్లేట్లో మిగిలితే కుక్కకేసేది గానీ నాకు పెట్టేది కాదు.”

“ఎప్పుడు కుక్కకేశాను?”

“ఆపిల్ పై! అమ్మ పుట్టినరోజున!”

“అందులో ఈగ పడిందే!”

“ఆ ఈగ సంగతి ఇవాళ చెప్తున్నావు!”

ఇలా ఇంకో పావుగంట సాగేది. ప్రతి ఏడూ సాగేది. ఆపిల్ పై దగ్గర మొదలై, అమ్మ ముత్యాల దండ మీదుగా అకార్డియన్ దాకా వెళ్లి ఆగేది. కానీ ఈసారి మురియెల్ మధ్యలోనే ఊరుకుంది. అలా ఊరుకోవడం డోరీన్ ఎప్పుడూ చూడలేదు. తనూ ఊరుకుంది.

మురియెల్ నోట్‌బుక్ బల్ల మీద అవతలికి జరిపింది. రెండో పేజీ మూల అంగుళం మేర చిరిగి ఉంది. అంతే, అక్కడితో ఆగింది.

“చదువు,” అంది.

డోరీన్ సంచీలోంచి కళ్లజోడు తీసింది. నిలబడే చదివింది. తర్వాత కుర్చీ లాక్కుని మళ్లీ చదివింది. ఫోటో మీద వేలు పెట్టి నాలుగు మీదున్న కొక్కెం దాకా మెల్లగా గీసింది.

“‘ఇదీ తప్పే,’” అని పైకి చదివింది. “ఏది తప్పు?”

“అది... అది నా అభిప్రాయం,” అన్నాడు క్లిఫర్డ్. “కొట్టేస్తాను. పెన్సిలుందా?”

“దాని మీద గీత పడిందో, చేతులు విరిచేస్తాను బావా.”

టీ చల్లారిపోతోంది. డోరీన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

“యాభై ఏళ్లు నన్ను అబద్ధాలకోరన్నావు,” అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“అన్నాను.”

“నా పెళ్లిలో అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు.”

“అవును.”

“నాకే అనుమానమొచ్చేసిందక్కా. నిజంగానే కలగన్నానేమోనని. చిన్నపిల్లని, ఇల్లంతా నువ్వు లేవని ఏడుస్తుంటే, నాన్న నా కోసం ఒక్కసారి... ఒక్కసారైనా నా వైపు చూశాడని నేనే కల్పించుకున్నానేమోనని.”

“తప్పయిపోయింది, డోరీన్,” అంది మురియెల్. ఆ మాట ఆమె నోట విన్నవాళ్లు మా ఊళ్లో లేరు. “ఇంజను నీదే. తీసుకో. తిరిగివ్వక్కర్లేదు.”

ఇరవై ఏళ్లుగా ఆ మాట కోసమే వచ్చిన మనిషి అట్టపెట్టె వైపు చూసింది, ఇంజను వైపు చూసింది. మెరిసే ఆకుపచ్చ, అచ్చు అంకెలు. అందులో నాన్న లేడు, అక్క పన్ను లేదు, తను లేదు.

“ఏం చేసుకోను దీన్ని?” అంది డోరీన్. “ఇది బావ ఇంజను.”

టోపీ పెట్టుకుంది. నోట్‌బుక్ మూసి, సంచీలో పెట్టుకుని, జిప్పు లాగేసింది.

“డోరీన్!” క్లిఫర్డ్ లేచి నిలబడ్డాడు. “అందులో ముప్పై ఏళ్ల...”

“నోర్ముయ్!” అన్నారు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి.

ఇరవై ఏళ్లలో వాళ్లిద్దరూ ఏకమైన మాట అదొక్కటే. వాళ్లకీ అది తెలిసినట్టే ఉంది, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వీధి తలుపు మూసుకుంది. కొంచెంసేపటికి కారు తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

“వెళ్లలేదు,” అన్నాడు క్లిఫర్డ్, కిటికీ తెర పక్కకి జరిపి. “కార్లో కూర్చుంది. ఊరికే కూర్చుంది.”

మురియెల్ లేచి మెట్ల కింద గదిలోకి వెళ్లింది. ఆ గదిలోకి ఆమె అడుగు పెట్టడం అతనెప్పుడూ చూడలేదు. ఏడవడానికి వెళ్లిందేమో, పలకరించాలా వద్దా అని అతను తేల్చుకునేలోపే బయటికొచ్చింది. బల్ల మీది ఇంజన్ని టీ తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుంది.

“పట్టుకోకు! పై వార్నిష్ ఇంకా పూర్తిగా ఆరలేదు! పొద్దునే వేశాను, వేలిముద్రలు పడతాయి...”

ఆమె ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే గడప దాటేసింది.

క్లిఫర్డ్ కిటికీకి అతుక్కుపోయాడు. చెల్లెలి పక్క సీటు తలుపు తీసుకుని అక్క ఎక్కి కూర్చుంది. ఇద్దరి నోళ్లూ కదులుతున్నాయి. ఒకరు చెయ్యి విసిరారు. ఎవరో తెలీలేదు, అద్దాలకి ఆవిరి పట్టేసింది. పోట్లాడుతున్నారో ఏడుస్తున్నారో పోల్చుకోలేక అతను కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకునేసరికి కారు కదిలింది.

డోరీన్ ఇంటికి ఎడమకి తిరగాలి. కారు కుడికి, మూతపడ్డ కర్మాగారం వైపు తిరిగింది.

అతను వంటింట్లోకి వచ్చాడు. మూడు కప్పుల టీ, ఎవరూ ముట్టని కేకు. చేసేదేమీ లేక మెట్ల కింద గదిలోకి వెళ్లి దీపం వేశాడు. పనిబల్ల మీద ఎక్కడుండాల్సినవి అక్కడే ఉన్నాయి. రెండు తప్ప. పసుపు ఎనామిల్ డబ్బా ఉండే చోట గుండ్రటి మరక మిగిలింది. అంకెలు రాసే సన్నకుంచె కూడా లేదు.

“ఆరని రంగు మీద అంకెలు రాయకూడదు,” అన్నాడు క్లిఫర్డ్ ఖాళీ గదితో.

ఏ అంకెలు రాస్తారో అతనికి తెలీదు. అయినా ఆ మాట రాసిపెట్టుకోవాలనిపించి, చెయ్యి దానంతటదే నోట్‌బుక్ ఉండే చోటికి వెళ్లింది. అదీ లేదు.